నెలకు నూట ఎనభై గ్రాముల నూగు

ముందుగా ఒక సంగతి ఒప్పేసుకుంటాను. ఈ కథలోని కౌముది నాకు బాగా తెలుసు. రోజూ పొద్దున పళ్ళు తోముకుంటుంటే అద్దంలో ఎదురుపడుతుంది. జరిగిందంతా "నేను" అని రాయడానికి మొహం చెల్లక వేరే పేరు పెట్టాను. ఇక మీదట తిట్టాలనిపిస్తే మొహమాటపడకుండా ఆవిడనే తిట్టండి. నేనూ మీతో కలుస్తాను.

కౌముది ఉండేది హైదరాబాదులో, ఊరు అయిపోయిందనుకున్న చోట మళ్ళీ మొదలయ్యే వైపు, మేఘవిహార్ అనే అపార్ట్‌మెంటులో. రెండు టవర్లు, తొంభై ఆరు ఫ్లాట్లు. ఆమెది బీ-టవరు పదకొండో అంతస్తు, 1103. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అంకెలను చూసి అవి ఏం చెబుతున్నాయో పెద్దవాళ్ళకు చెప్పడం ఆమె పని. అంకెలు అబద్ధం చెప్పవని ఆమెకు గట్టి నమ్మకం. వాటిని తానే అడగాల్సిన ప్రశ్న అడగకపోతే అవి మాత్రం ఏం చేస్తాయన్న ఆలోచన అప్పటికింకా రాలేదు.

మేఘవిహార్‌లో బాల్కనీలో బట్టలు ఆరేయకూడదు. ఆ రూలుకు "భవన ముఖసౌందర్య పరిరక్షణ నిబంధన" అని పేరు. రోడ్డు మీద పోయేవాళ్ళకు మన లుంగీలు కనబడితే ఫ్లాట్ల పరువు పోతుందని కార్యవర్గం తేల్చింది. దాంతో ఇంటింటికీ డ్రయ్యర్ వచ్చింది. బయట నలభై రెండు డిగ్రీల ఎండ కాస్తుంటే, లోపల తలుపులు వేసుకుని, కరెంటుతో వేడిగాలి పుట్టించి తువ్వాళ్ళు ఆరబెట్టుకునేవాళ్ళు.

"సూర్యుడికి పని లేకుండా చేశారు కదర్రా," అనేది కౌముది అత్తగారు కామేశ్వరమ్మ. తెనాలి మనిషి. డ్రయ్యర్‌ను ఆవిడ ఎప్పుడూ నమ్మలేదు కానీ, దాని నెత్తి చదునుగా ఉందని ఆవకాయ జాడీలు మూడు దాని మీద పెట్టుకుంది.

డ్రయ్యర్‌లో బట్టలు గిరగిరా తిరిగేటప్పుడు నూగు రాలుతుంది. దాన్నే లింట్ అంటారు. కొంత తలుపు దగ్గరున్న జాలీలో ఆగుతుంది. మిగతాది వేడిగాలితో పాటు వెనక గొట్టంలోకి పోయి అక్కడే పేరుకుంటుంది. గొట్టం పూడిపోతే గాలి ఆడదు, మిషను వేడెక్కుతుంది, ఎండిన నూగు దూదిలాగే అంటుకుంటుంది. మార్చిలో ఏ-టవరులో ఒక ఫ్లాటులో సరిగ్గా అదే జరిగింది. మనుషులకేమీ కాలేదు. రెండు దుప్పట్లు పోయాయి, మెట్లన్నీ పొగ.

ఆ సాయంత్రం కౌముది అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో రాసింది: "ప్రతి ఇంట్లో డ్రయ్యర్ గొట్టం శుభ్రం చేయించాలి. కొలవనిదాన్ని బాగుచేయలేం."

ఆ రెండో వాక్యం ఆమె ఆఫీసు గోడ మీద ఉంటుంది. అక్కడున్నంత కాలం అది ఎవరికీ హాని చేయలేదు.

ఇరవై నిమిషాల్లో అసోసియేషన్ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. ప్రెసిడెంట్ పురుషోత్తమరావు గారు ఏదో ప్రభుత్వ శాఖలో జాయింట్ డైరెక్టరుగా రిటైరయ్యారు. శాఖ వెళ్ళిపోయింది కానీ భాష ఆయన దగ్గరే ఉండిపోయింది.

"కౌముది గారూ, తమరి సూచనను కార్యవర్గం సానుకూల దృక్పథంతో పరిశీలించింది. తదనుగుణంగా తమరిని లింట్ నోడల్ అధికారిగా నియమించడమైనది."

"ఎప్పుడు పరిశీలించారండీ? నేను మెసేజ్ పెట్టి అరగంట కూడా కాలేదు."

"అత్యవసర ప్రాతిపదికన. ఇక ప్రధానాంశం. గొట్టం శుభ్రం చేశామని ఎవరైనా చెబుతారు. ఆధారమేది?"

కౌముది ఒక్క క్షణం ఆలోచించింది. ఆ క్షణం ఇంకొంచెం పొడుగ్గా ఉండి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

"తీసిన లింట్‌ను తెచ్చి చూపించమందాం సార్. ఇక్కడ తూకం వేసి యాప్‌లో ఎక్కిద్దాం."

పురుషోత్తమరావు గారి కళ్ళు చెమర్చాయి. "ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో చెత్తకు రసీదు ఇచ్చే అవకాశం నాకు రాలేదమ్మా," అన్నారు.

శని, ఆదివారాలు కూర్చుని ఆమె యాప్ చేసింది. పేరు "స్వచ్ఛ నాళం". లింట్ ఇచ్చిన ఫ్లాటు పచ్చగా, ఇవ్వని ఫ్లాటు ఎర్రగా కనబడుతుంది. ఎర్ర ఫ్లాటువాళ్ళకు క్లబ్‌హౌస్ హాలు ఇవ్వరు, బ్యాడ్మింటన్ కోర్టు ఇవ్వరు. అంకెలను దొంగచాటుగా ఎవరూ మార్చకుండా, ఏ అంకె మారినా ప్రెసిడెంటుకు మెయిల్ వెళ్ళే ఏర్పాటు కూడా చేసింది. ఆ ఏర్పాటు చూసుకుని ఆమె ఎంత మురిసిపోయిందో చెప్పనక్కర్లేదు.

ఏప్రిల్‌లో జనం సంచులు పట్టుకుని వరసగా వచ్చారు. మెయింటెనెన్సు చూసే యాదగిరి వంటింటి తక్కెడ మీద ఒక్కొక్కటీ తూచాడు. ఈ టవర్లు కట్టి మూడేళ్ళు. మూడేళ్ళ నూగు ఒక్కసారిగా బయటికొచ్చింది. కౌముది సగటు తీసింది. ఫ్లాటుకు నూట ఎనభై గ్రాములు. ఆ అంకెనే నెలవారీ ప్రమాణంగా పెట్టేసింది. మూడేళ్ళు పేరుకున్నదాన్ని ఒక నెలకు రావాల్సిన లెక్కగా వేశానని ఆమెకు తట్టలేదు. గ్రాఫు అంత అందంగా వచ్చింది మరి.

అన్ని ఇళ్ళ గొట్టాలూ శుభ్రమయ్యాయి, ఒక్కటి తప్ప. తూకం దగ్గర కూర్చునే మనిషి కనక నోడల్ అధికారికి ఏప్రిల్‌లో మినహాయింపు ఇచ్చారు. గొట్టం ఎలా శుభ్రం చేయాలో ఆమెకు తెలియక కాదు. ప్లగ్గు తీయాలి, మిషను ముందుకు లాగాలి, గొట్టం ఊడదీయాలి, పొడుగు బ్రష్షు పెట్టి తిప్పాలి, బయట గోడకున్న రేకుమూత తెరుచుకుంటోందో లేదో చూడాలి. పదకొండు వీడియోలు చూసింది. పదకొండు చూశాక తానే చేసినంత తృప్తి కలిగింది. పైగా మిషను లాగాలంటే జాడీలు దించాలి. జాడీలు దించాలంటే అత్తగారిని అడగాలి.

*

మే నెలలో ఏ-404 రెహానా గారు వచ్చారు. పళ్ళ డాక్టరు. శుభ్రం విషయంలో ఆవిడతో వాదించిన వాళ్ళెవరూ లేరు. చేతిలో చిన్న కవరు.

"ఆరు గ్రాములండి," అన్నాడు యాదగిరి.

కౌముది ఫోను చూసి నెమ్మదిగా అంది. "సారీ అండీ. నూట డెబ్భై నాలుగు తగ్గింది. మీరు శుభ్రం చేయలేదని చూపిస్తోంది."

"నేనే చేశానమ్మా. యాదగిరి దగ్గర బ్రష్షు తీసుకుని నేనే లోపల మొత్తం తోమాను. లోపల ఉన్నదే అంత."

"నేను నమ్ముతానండీ. సిస్టమ్ నమ్మట్లేదు."

"సిస్టమ్ ఎవరు చేశారు?"

"నేనే."

రెహానా గారు ఆమెను కాసేపు అలా చూశారు, ఎక్స్‌రేలో పుచ్చు కనబడినప్పుడు చూసినట్టు. "రేపటి నుంచి నా క్లినిక్‌కి వచ్చినవాళ్ళందరికీ నెలకు ఒక పన్ను పీకుతా. పీకకపోతే నేను పని చేయనట్టే కదా," అని వెళ్ళిపోయారు.

పదిహేను రోజుల్లో మేఘవిహార్ మొత్తం ఎర్రబడింది. ఆ తర్వాత జనం దారి కనుక్కున్నారు. కొత్త తువ్వాళ్ళు కొనుక్కొచ్చి, తడపకుండానే డ్రయ్యర్‌లో పడేసి నూగు రాల్చడం మొదలుపెట్టారు. ఉన్ని దుప్పట్లు మే నెలలో పగలంతా తిరిగాయి. ఒకాయన దిండు కోసి బూరుగుదూది తెచ్చాడు. దాంతో "కృత్రిమ లింట్ నిరోధక ఉపసంఘం" ఏర్పడింది. అసలైన లింట్ బూడిదరంగులో ఉంటుందని వాళ్ళు సర్క్యులర్ ఇచ్చారు. మర్నాటి నుంచి వచ్చిన దూదికి అగరొత్తుల వాసన రాసాగింది. జనం అగరొత్తుల బూడిద కలుపుతున్నారు.

తూచిన సంచులను పారేయడానికి వీల్లేదు. ఆధారాలు మూడేళ్ళు భద్రపరచాలని పురుషోత్తమరావు గారు ఉత్తర్వు ఇచ్చారు. ముందు ఆఫీసు బీరువాలో పెట్టారు, తర్వాత క్లబ్‌హౌస్ స్టేజీ వెనక, ఆ తర్వాత హాల్లోనే సగం వరకు. ప్రతి సంచికీ ఫ్లాటు నంబరు, తేదీ.

యాదగిరి ఒకరోజు సంచి దింపి నడుము పట్టుకుని అన్నాడు. "మేడమ్, నాకొకటి సమజైతలేదు. గొట్టంల ఉంటే అంటుకుంటదని తీస్తిమి గదా. తీసి అంతా ఒక్కకాడ కుప్ప వెడ్తిమి. పక్కన్నే కరెంటు ప్యానలున్నది. ఇప్పుడు అంటుకోదా?"

కౌముది ప్యానల్ వైపు చూసింది. జవాబు ప్రెసిడెంటు గారి దగ్గర ఉంది. "వికేంద్రీకృతంగా ఉన్న ప్రమాదాన్ని కేంద్రీకృతం చేశామయ్యా. పర్యవేక్షణకు సౌలభ్యం."

"గట్లనా సార్," అన్నాడు యాదగిరి. ఇంకో సంచి ఎత్తుకున్నాడు.

*

ఇంతలో ఇంట్లో ఒక శుభకార్యం దగ్గరపడింది. ఆడపడుచు హరిప్రియకు ఏడో నెల. జూన్ రెండో ఆదివారం సీమంతం. హరిప్రియ పెళ్ళి ఇరుకు హాల్లో జరిగిందని ఆమె అత్తగారు అప్పట్లో పదిమందిలో ఒక మాట అన్నారు: "వీళ్ళకి సరైన హాలే దొరకలేదు." రెండేళ్ళయినా కామేశ్వరమ్మ ఆ మాట మరిచిపోలేదు. అందుకే ఈసారి క్లబ్‌హౌస్ హాలు నా బాధ్యత అని కౌముది మాటిచ్చింది. నూట ఇరవై మందికి పిలుపులు వెళ్ళిపోయాయి. హరిప్రియ పది రోజుల ముందే పుట్టింటికి వచ్చేసింది.

సరిగ్గా అప్పుడే గ్రూపులో ఎవరో అడిగారు: "నోడల్ అధికారి ఫ్లాటు డేటా ఏదీ?" ప్రెసిడెంటు గారు మినహాయింపు రద్దు చేశారు. కౌముది ఉరుకుల మీద జాలీలో ఉన్నది దులిపి తీసుకెళ్ళింది. తొమ్మిది గ్రాములు. ఆమె కళ్ళ ముందే 1103 ఎర్రబడింది. కింద ఒక వాక్యం వచ్చింది: "శుభ్రత లేని ఫ్లాటు. హాలు బుకింగ్ నిలిపివేయబడింది." ఆ వాక్యం రాసింది కూడా ఆమే. మొదట "దయచేసి" అని పెట్టి, చోటు చాలక తీసేసింది.

"నీ యాపు నీకే ఎర్రజెండా ఊపిందా?" అంది కామేశ్వరమ్మ.

"ఏదో ఒకటి చేస్తాలే అత్తయ్యా."

"ఏం చేస్తావు? ఆ అంకె దిద్దెయ్. నువ్వేగా పెట్టింది."

"దిద్దితే ప్రెసిడెంటుకి మెయిల్ పోతుంది."

"ఆ మెయిల్ పెట్టిందెవరు?"

హరిప్రియ సోఫాలో పడుకుని, పొట్ట మీద చేయి వేసుకుని నవ్వు ఆపుకుంటోంది.

"వత్తుల దూది ఉంది, ఇవ్వనా?" అంది కామేశ్వరమ్మ. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "అవునూ, ఆ తువ్వాళ్ళు రెండుసార్లు తిప్పినా చెమ్మగానే ఉంటున్నాయేమే?"

"గాలిలో తేమ అత్తయ్యా."

"ఇంత ఎండలోనా?"

సీమంతానికి నాలుగు రోజుల ముందు, బుధవారం పొద్దున, కామేశ్వరమ్మ అన్నంలోకి ఆవకాయ తీయబోయి చేయి వెనక్కి లాక్కుంది.

"కౌముదీ, ఇలా రా. జాడీ కాలుతోందే."

డ్రయ్యర్ తిరుగుతోంది. దాని నెత్తి పెనంలా ఉంది. జాడీలో నూనె వేడెక్కి ఆవపిండి వాసన గుప్పుమంటోంది. దానడుగున ఇంకో వాసన కూడా ఉంది, ఇస్త్రీపెట్టె కింద బట్ట మరిచిపోతే వచ్చేది. గోడకు అవతల గదిలో హరిప్రియ పడుకుని ఉంది.

కౌముదికి పదకొండు వీడియోల్లో మొదటి మాట ఒక్కటే గుర్తొచ్చింది. ప్లగ్గు పీకేసింది. యాదగిరికి ఫోను చేసింది.

యాదగిరి వచ్చి జాడీలు దించాడు, మిషను లాగాడు, గొట్టం ఊడదీశాడు. లోపల చేయి పెట్టబోయి ఆగిపోయాడు. గాలి పోయే సందు బొటనవేలంత కూడా లేదు. బ్రష్షు పెట్టి తిప్పి లాగితే పొడుగాటి దిండులా ఒకటి బయటికొచ్చింది. దాని వెనక ఇంకొకటి. పొరలు పొరలుగా ఉంది. ఒక పొర పెళ్ళైన కొత్తలో కొన్న మెరూన్ తువ్వాళ్ళ రంగు. దాని మీద నీలం, అది భర్త శశాంక్ జీన్సు. తన కాపురం మూడేళ్ళూ ఆ గొట్టంలో వరసగా ఉన్నాయి. చివర కొస నల్లగా మాడింది.

"బయట మూత సుత పూడిపోయింది మేడమ్," అన్నాడు యాదగిరి. గొంతు తగ్గించి, "ఇంకో రెండ్రోజులైతే..." అని గది వైపు చూసి ఆపేశాడు.

కామేశ్వరమ్మ కోడలిని ఏమీ అనలేదు. గదిలోకి వెళ్ళి కూతురి పక్కన కూర్చుంది. ఆ రోజంతా అక్కడే ఉంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది కౌముదికి.

యాదగిరి మాత్రం అలవాటు ప్రకారం సంచి తూచి యాప్‌లో ఎక్కించేశాడు. ఆరు వందల నలభై గ్రాములు. ఫోనులో రంగుకాగితాల వాన కురిసింది. 1103 ముదురు పచ్చగా మారింది. మేఘవిహార్‌లో మొదటి ర్యాంకు. హాలు బుకింగ్ ఖరారు.

*

శనివారం సాయంత్రం సర్వసభ్య సమావేశం. సంచులను గోడవారగా జరిపి కుర్చీలు వేశారు. కామేశ్వరమ్మ రెండో వరసలో కూర్చుంది. మర్నాడు పీట ఎక్కడ వేయాలో, ముత్తయిదువులు ఎటు కూర్చోవాలో కళ్ళతోనే కొలుచుకుంటోంది.

పురుషోత్తమరావు గారు కౌముదికి శాలువా కప్పారు. "ఉత్తమ నాళ నిర్వహణ పురస్కారం" అని రాసిన జ్ఞాపిక ఇచ్చారు. తర్వాత మైకు సర్దుకున్నారు.

"ఇందుమూలముగా సభ్యులకు తెలియజేయడమేమనగా, ఒక ఫ్లాటు ఆరు వందల నలభై గ్రాములు సాధించగలదని రుజువైనందున, చిత్తశుద్ధి ఉంటే తక్కిన ఫ్లాట్లు సైతం సాధించగలవని కార్యవర్గం విశ్వసిస్తున్నది. వచ్చే నెల నుంచి ప్రమాణం ఆరు వందల నలభై."

హాలంతా ఒక్కసారి నిట్టూర్చింది. ముందు వరసలో రెహానా గారు ఆరు గ్రాముల ఎర్ర రసీదును నాలుగు మడతలు పెడుతున్నారు.

మైకు కౌముది చేతికి వచ్చింది. థాంక్స్ చెప్పి దిగిపోతే రేపు సీమంతం ఇక్కడే. ఆమె అత్తగారి వైపు చూసింది. కామేశ్వరమ్మ కళ్ళు పీట వేయాలనుకున్న చోటు నుంచి లేచి కోడలి మీద ఆగాయి. అందులో అవుననీ లేదు, కాదనీ లేదు.

"ఈ బహుమతి శుభ్రం చేసినందుకు రాలేదండీ," అంది కౌముది. "మూడేళ్ళు చేయనందుకు వచ్చింది. మొన్న మా ఇల్లు అంటుకోవాల్సింది. లింట్ ఎక్కువ వచ్చిందంటే గొట్టం మురికిగా ఉందని అర్థం. ఇక్కడ నిజంగా శుభ్రంగా ఉన్నది రెహానా గారి ఆరు గ్రాములు. లెక్క తప్పు. తప్పు నాది."

పురుషోత్తమరావు గారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"అనగా తమరి అభిప్రాయం ప్రకారం, లింట్ ఎంత తక్కువైతే శుభ్రత అంత ఎక్కువ."

"అవును సార్."

"అసలు రాకపోతే?"

"అదీ... అలా అని కాదు సార్, గొట్టం తెరిచి చూసి..."

మిగతా మాటలు చప్పట్లలో కలిసిపోయాయి. తొంభై అయిదు ఫ్లాట్ల వాళ్ళూ లేచి నిలబడ్డారు. తీర్మానం అక్కడికక్కడే రాశారు: "శూన్య లింట్ విధానం. ఏ ఫ్లాటు నుంచి లింట్ రాదో ఆ ఫ్లాటు సంపూర్ణ శుభ్రమైనదిగా పరిగణించబడును. లింట్ తెచ్చిన ఫ్లాటు మురికిదిగా నమోదగును. తక్షణమే అమలు." ఇక ఎవరూ గొట్టం తెరవక్కర్లేదు. తువ్వాళ్ళు కొనక్కర్లేదు. యాప్‌లో లెక్కను కౌముది చేతనే అక్కడికక్కడే తిరగేయించారు, అందరి ఫోనులూ ఒకేసారి పచ్చబడ్డాయి.

ఆ వారంలో లింట్ ఇచ్చిన ఫ్లాటు ఒక్కటే ఉంది. ఆరు వందల నలభై గ్రాములు. అది ఎర్రబడింది.

"విచారకరం," అన్నారు పురుషోత్తమరావు గారు, శాలువా వెనక్కి తీసుకుంటూ. "అయినను నిబంధన నిబంధనే. హాలు రద్దయినది."

లిఫ్టులో కౌముది తలెత్తలేదు. "సారీ అత్తయ్యా. పోయి పోయి మళ్ళీ హాలు లేకుండా చేశాను."

"హాలు సంగతి సరే," అంది కామేశ్వరమ్మ. "ఆ సంచుల మధ్య పిల్లను పీట మీద ఎలా కూర్చోబెట్టాలా అని ఇందాకటి నుంచీ నాకు ఒకటే దిగులు. నువ్వు నోరు విప్పకపోతే నేనే లేచేదాన్ని. యాదగిరిని పిలు. మేడ మీద పందిరి వేయిద్దాం."

ఆదివారం పొద్దున తొమ్మిదింటికే మేడ మీద గుడ్డపందిరి లేచింది. తొలకరి మబ్బు పట్టి చల్లటి గాలి వీస్తోంది. హరిప్రియ రెండు చేతుల నిండా గాజులు వేయించుకుని, ఆకుపచ్చ చీరలో పీట మీద కూర్చుంది. ఆమె అత్తగారు మెట్లెక్కి ఆయాసపడుతూ చుట్టూ చూశారు.

"హాలు దొరకలేదా వదినగారూ?"

"దొరికింది వదినగారూ," అంది కామేశ్వరమ్మ, పసుపు గిన్నె అందుకుంటూ. "లోపలంతా నూగు. కడుపుతో ఉన్న పిల్లకి గాలాడే చోటు ముఖ్యం కదా అని ఇక్కడ పెట్టాం."

వియ్యపురాలు పందిరి అంచు రెపరెపలాడటం చూశారు. కుర్చీ లాక్కుని, గాలికి ఎదురుగా కూర్చుని, "బాగుంది," అన్నారు. ఆ మాట కోసం కామేశ్వరమ్మ రెండేళ్ళు ఎదురుచూసింది.

భోజనాలయ్యాక యాదగిరి పందిరి విప్పుతుంటే కామేశ్వరమ్మ అడ్డుపడింది. "ఆ తాళ్ళు ఉండనీ. చేతులు తుడుచుకున్న గుడ్డలు ఆరేయాలి."

"రూలున్నది గదమ్మా."

"రూలు బాల్కనీకి. ఇది మేడ."

యాదగిరి పిట్టగోడ దాకా వెళ్ళి కిందికి చూసొచ్చాడు. "అవ్, రోడ్డు మీదికెళ్ళి కనబడదు," అన్నాడు. తాళ్ళు బిగించి కట్టాడు.

వారానికి ఆ తాళ్ళ మీద రెహానా గారి దుప్పట్లు వచ్చాయి. నెలకు చోటు చాలక ఇంకో నాలుగు తాళ్ళు కట్టారు. ఒకరోజు పొద్దున, అందరికంటే ముందు, చివరి తాడు మీద రెండు గళ్ళ లుంగీలు ఆరుతున్నాయి. అవి ఎవరివో అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనలేదు.

హాల్లో సంచులు అలాగే ఉన్నాయి. ఆధారాలు కదా, ఇంకా రెండేళ్ళ పైన గడువుంది. "స్వచ్ఛ నాళం" కూడా నడుస్తూనే ఉంది. నెలనెలా అందరిదీ సున్నా, అందరిదీ పచ్చ. గ్రాఫు మునుపటి కంటే అందంగా వస్తోంది.

వానాకాలంలో మాత్రం డ్రయ్యర్ తప్పదు. అందుకని నెలలో మొదటి ఆదివారం కౌముది జాడీలు దించి, ప్లగ్గు తీసి, మిషను లాగి, యాదగిరి బ్రష్షుతో గొట్టం తోముతుంది. అయిదారు గ్రాములు వస్తుంది. దాన్ని పాత పేపరులో చుట్టి, కూరగాయల తొక్కల కింద దాచి, లిఫ్టులో ఎవరూ లేకుండా చూసుకుని పారేసి వస్తుంది. దొరికిపోతే ఎర్ర ఫ్లాటు అవుతుంది మరి.

ఆమె కథ అయింది. ఇక మీ వంతు. మీ డ్రయ్యర్ వెనక గొట్టం చివరిసారి ఎప్పుడు తెరిచారు, లోపల ఏ ఏడాది తువ్వాళ్ళు బయటపడ్డాయి, మీ అసోసియేషన్ దేనికి రసీదు ఇస్తోంది, ఆ రూలు పెట్టించింది మీరేనా? రాయండి. మీ పేరు పెట్టుకోవడానికి మొహమాటంగా ఉంటే కౌముది పేరు వాడుకోండి. ఆవిడకు అలవాటైపోయింది.